ట్యాంకు కట్టి చూడు!

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. ప్లాస్టిక్ ముక్కలతో యుద్ధట్యాంకు కట్టే సరదా అప్పటికి లేదు కాబట్టి సరిపోయింది. లేకుంటే ఆ జాబితాలో అదీ చేరిపోయేదే!

పెట్టె మీద బొమ్మ చూస్తే మంచును చీల్చుకుంటూ దూసుకొస్తున్న భారీ ట్యాంకు. ఆశగా మూత తీస్తే.. ప్లాస్టిక్ చట్రాలు, వాటిని పట్టుకుని వందలకొద్దీ ముక్కలు, ఓ మడతల కాగితం. అంతే. చక్రాలు, గొట్టాలు, బియ్యపు గింజంత కొక్కేలు.. అన్నీ విడివిడిగానే. వాటిని ఒక్కొక్కటిగా కత్తిరించి, అంచులు గరుకు కాగితంతో రుద్ది, అతికించి, రంగులేసి నిలబెట్టుకోవాలి. రాత్రి భోజనాలయ్యాక రోజూ ఓ గంట కూర్చుంటే ఏ నెలకో రెండు నెలలకో ట్యాంకు తయారవుతుంది. ఈలోగా కిందపడిన ముక్క కోసం ఇల్లంతా మోకాళ్ల మీద వెతకడం మామూలే.

అలా కట్టేవాళ్లు మనసు పడే వాటిలో సోవియట్ భారీ ట్యాంకు కేవీ-1 ఒకటి. కేవీ అంటే క్లిమెంట్ వొరషీలొవ్. అప్పటి సోవియట్ రక్షణశాఖ అధిపతి. 1939లో లెనిన్‌గ్రాడ్‌లోని కిరొవ్ కర్మాగారంలో దీన్ని రూపొందించారు. తెలుగులోకి వచ్చిన సోవియట్ పుస్తకాలు చదువుతూ పెరిగిన తరానికి ఆ ఊరి పేరు కొత్తేం కాదు. ఇప్పటి సెయింట్ పీటర్స్‌బర్గే అది. కేవీ బరువు సుమారు 45 టన్నులు. ముందువైపు ఉక్కు పలక మందం 75 మిల్లీమీటర్లు. లోపల అయిదుగురు సిబ్బంది. 1941లో జర్మన్ల దగ్గరున్న 37 మిల్లీమీటర్ల ట్యాంకు విధ్వంసక ఫిరంగి దీన్ని ఏమీ చేయలేకపోయేది. జర్మన్ సైనికులే ఆ ఫిరంగికి 'తలుపు తట్టేది' అని వెటకారంగా పేరు పెట్టుకున్నారు. అలాగని కేవీకి లోపాల్లేవా అంటే.. ఉన్నాయి. గేర్‌బాక్సు పెద్ద తలనొప్పి. అది చెడిపోయి దారిలోనే వదిలేసిన కేవీలు ఎన్నో.

ఇలాంటి కిట్లు ఎక్కువగా 1:35 కొలతలో వస్తాయి. అంటే అసలులో ముప్పై అయిదో వంతు. యాభయ్యో వందో కాకుండా ఇదేం లెక్క? 1961లో జపాన్‌లోని టమియా కంపెనీ పాంథర్ అనే జర్మన్ ట్యాంకు కిట్ తయారుచేసింది. అది దానంతటదే నడవాలి కాబట్టి లోపల మోటారు, బ్యాటరీలు పట్టాలి. అవి పట్టేలా చేసి, తర్వాత కొలిచి చూసుకుంటే సుమారుగా ముప్పై అయిదో వంతు వచ్చింది! తర్వాతర్వాత మిగతా కంపెనీలూ అదే దారి పట్టాయి.

ఈ లెక్కన కేవీ పొడవు 19 సెంటీమీటర్లు. అయిదడుగుల ఏడంగుళాల సైనికుడు 5 సెంటీమీటర్లకు కాస్త తక్కువే తేలతాడు. మరి బరువు? పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ 35 రెట్లు తగ్గుతాయి కదా. అంటే 45 టన్నుల్ని 35తో మూడుసార్లు భాగించాలి. నిజంగా ఉక్కుతోనే చేస్తే కిలోకు కాస్త పైన తూగుతుందన్నమాట. పిల్లలకు ఘనపరిమాణం పాఠం చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ ఏముంటుంది!

పనిలో ఓపికను పరీక్షించేది గొలుసు పట్టా. కేవీకి ఒక్కోవైపు ఆరు పెద్ద చక్రాలు, పైన మూడు చిన్న చక్రాలు. వాటి చుట్టూ తిరిగే పట్టాలో దాదాపు 90 లింకులు. ఖరీదైన కిట్లలో ఒక్కో లింకూ విడిగానే ఇస్తారు. అన్నీ అతికించాక పట్టా బిగుతుగా ఉందంటే తప్పే. అసలుది బరువైన ఉక్కు కాబట్టి పై చక్రాల మధ్య కిందికి వేలాడుతుంది. అందుకని జిగురు ఆరకముందే పట్టాకు, పైనున్న రేకుకు మధ్య స్పాంజి ముక్కలు కుక్కి ఆ వంపు తెప్పిస్తారు. జిగురు కూడా మామూలుది కాదు. ప్లాస్టిక్‌ను కాస్త కరిగించి, రెండు ముక్కల్నీ ఒకటి చేసేస్తుంది. ఘాటు వాసన కాబట్టి కిటికీలు తెరిచి పెట్టుకోవాల్సిందే.

మంచుకాలపు ట్యాంకు కావాలంటే ఇంకో చిట్కా. మంచులో కలిసిపోవడానికి ట్యాంకుల మీద సున్నం, సుద్ద లాంటి తెల్లపూత పూసేవారు. మన గోడల సున్నంలాగే అదీ వానకు కారేది, రాపిడికి రాలిపోయేది. ఆ వెలిసిన అందం రావాలంటే ఆకుపచ్చ రంగు ఆరాక దానిపై హెయిర్‌స్ప్రే కొట్టి, ఆ పైన తెల్లరంగు వేస్తారు. తర్వాత తడి కుంచెతో రుద్దితే తెలుపు అక్కడక్కడా ఊడి, కింది పచ్చదనం బయటపడుతుంది. అమ్మాయిల అలమారాలో హెయిర్‌స్ప్రే డబ్బా మాయమైందంటే అనుమానించాల్సిన వాళ్లు ఇంట్లోనే ఉన్నట్టు!

ఇంతవరకూ చేతిపని. అసలు ప్రశ్న ఇప్పుడొస్తుంది. ఏ రోజు ట్యాంకు ఇది? కర్మాగారం గేటు దాటిన రోజుదా, యుద్ధం చూసిన రోజుదా?

1941 ఆగస్టు. జర్మన్ సేనలు లెనిన్‌గ్రాడ్ వైపు వస్తున్నాయి. గాచినా పట్టణానికి దగ్గర్లో వొయ్‌స్కొవిత్సీ అనే చోట జినోవీ కొలొబానొవ్ అనే అధికారి తన కేవీ-1ను గోతిలో దించి, కొమ్మలు కప్పి కాచుకున్నాడు. ఎదురుగా రోడ్డు. దానికి అటూఇటూ చిత్తడి నేల. జర్మన్ ట్యాంకులు బారుగా వచ్చాయి. ముందున్న వాటిని కొట్టి, తర్వాత చివరివాటిని కొట్టాడు గన్నర్ ఆంద్రే ఊసొవ్. మధ్యలోవి ఎటూ కదల్లేకపోయాయి. ఆ ఒక్క కేవీ 22 ట్యాంకుల్ని ధ్వంసం చేసిందని సోవియట్ లెక్క. దానికీ వందకు పైగా దెబ్బలు తగిలాయంటారు. ఒక్కటీ కవచాన్ని ఛేదించలేదు.

ఈ ట్యాంకును కట్టాలనుకునేవాళ్లు కంగారులో చేసే పొరపాటు ఒకటుంది. డ్రిల్లుతో రంధ్రాలు పెట్టేస్తారు. రంధ్రం పడితే గుండు లోపలికి వెళ్లినట్టు. లోపలున్న అయిదుగురికీ ప్రాణాపాయమే. ఆ రోజు వాళ్లు బతికారు! కాబట్టి పడాల్సింది గుంటలే. అదీ 37 మిల్లీమీటర్ల గుండు దెబ్బ ఈ కొలతలో మిల్లీమీటరుకు కాస్త పైన. తాజా దెబ్బ కాబట్టి తుప్పురంగు పనికిరాదు, ఉక్కు మెరవాలి. భూతద్దం కింద ఒక్కో గుంటా పెడుతుంటే, ఆ చప్పుళ్లు లోపల కూర్చుని విన్నవాళ్లు గుర్తుకు రాకుండా ఉంటారా!

కొలొబానొవ్‌కు దేశపు అత్యున్నత బిరుదైన 'సోవియట్ యూనియన్ వీరుడు' దక్కలేదు. రెడ్ బ్యానర్ పతకంతో సరిపెట్టారు. వొయ్‌స్కొవిత్సీ దగ్గర 1980లో స్మారకం కట్టారు. దిమ్మె మీద నిలబెట్టడానికి కేవీ దొరకలేదు. దాంతో యుద్ధం చివర్లో వచ్చిన ఐఎస్-2 అనే మరో భారీ ట్యాంకును ఎక్కించారు. దాని ఫిరంగి వేరు, టరెట్.. అంటే పైన తిరిగే గూడు.. అదీ వేరు.

అందుకే కాబోలు, కొలొబానొవ్ ట్యాంకు అనగానే కట్టేవాళ్లకు పట్టుదల పెరుగుతుంది. దానికి అదనపు ఉక్కు పలకలు బిగించి ఉన్నాయా, లేవా అని పాత ఫొటోలు ముందేసుకుని గంటలకొద్దీ వాదించుకుంటారు. ఆ సంగతి తేలేదాకా టరెట్‌ను అతికించకుండా ఊరికే పైన పెట్టి ఉంచుతారు.