మనపై మన ఆత్మకున్న హక్కు

 

కొన్ని వారాల క్రితం గిద్దలూరులో జరిగిన మహిళల ధార్మిక సమావేశంలో పరదా అవతలి నుంచి మాకొక చీటీ అందింది. ‘నఫ్స్‌ను అణచాలని చిన్ననాటి నుంచి వింటున్నాము. మరి మనిషి తనను తాను ప్రేమించుకోవడం పాపమా? నా గురించి ఆలోచించుకున్నప్పుడల్లా నాకు తప్పు చేసినట్లనిపిస్తుంది’ అని అందులో రాసి ఉంది. సమయం తక్కువగా ఉండటంతో రెండు మాటల్లో బదులిచ్చి వచ్చాము. ఆ బదులు మాకే తృప్తినివ్వలేదు. అందుకే ఈ నెల ఈ పుటను ఆ సోదరి ప్రశ్నకే కేటాయిస్తున్నాము.

ముందుగా ఒక అపోహను తొలగించుకోవాలి. దివ్య ఖుర్ఆన్ నఫ్స్‌ను ఒకే రూపంలో చూపలేదు. చెడుకు పురిగొల్పే నఫ్స్ గురించి యూసుఫ్ సూరా 53వ వాక్యంలో ఉంది. తప్పు చేసినందుకు తనను తాను నిందించుకునే నఫ్స్ మీద అల్ ఖియామా సూరా ఆరంభంలో అల్లాహ్ ప్రమాణం చేశాడు. ప్రశాంతత పొందిన నఫ్స్‌ను తన సన్నిధికి రమ్మని ఆప్యాయంగా పిలిచిన సందర్భం అల్ ఫజ్ర్ సూరా చివరలో ఉంది. ఈ మూడూ మూడు వేర్వేరు ప్రాణులు కావు. ఒకే ఆత్మకు గల మూడు స్థితులు. కనుక మనం పోరాడవలసింది ఆత్మతో కాదు, దాని దుర్వాంఛలతో. బిడ్డకు పట్టిన జ్వరంతో పోరాడే తల్లి బిడ్డను ద్వేషించదు కదా!

సహీహ్ బుఖారీలో హజ్రత్ సల్మాన్ ఫార్సీ (రజి), హజ్రత్ అబూ దర్దా (రజి) గార్ల ఉదంతం ఉంది. దైవప్రవక్త (స) వారిద్దరి మధ్య సోదర బంధం ఏర్పరచారు. ఒకనాడు సల్మాన్ (రజి) తన సోదరుని ఇంటికి వెళ్లి, ఆయన సతీమణి అలంకరణ లేకుండా ఉండటం చూశారు. కారణం అడిగితే, తన భర్తకు ప్రాపంచిక విషయాలపై ఆసక్తి లేదని ఆమె తెలిపారు. భోజన సమయంలో అబూ దర్దా (రజి) తాను ఉపవాసం ఉన్నానన్నారు. మీరు తినకపోతే నేనూ తిననని అతిథి పట్టుబట్టడంతో ఆయన తిన్నారు. రాత్రి ఆరాధనకు లేవబోతే ఇంకా నిద్రపొమ్మన్నారు. ఆఖరి జామున తానే లేపారు. ఇద్దరూ నమాజు చేశారు. ఆ తరువాత సల్మాన్ (రజి) చేసిన హితబోధ సారాంశం ఇది: ప్రభువుకు మనపై హక్కు ఉన్నట్లే మన ఆత్మకూ, మన ఇంటివారికీ మనపై హక్కులున్నాయి, ఎవరి హక్కు వారికి చెల్లించాలి. ఈ సంగతి విన్న దైవప్రవక్త (స) సల్మాన్ చెప్పినది సత్యమేనని ధ్రువీకరించారు.

ఇక్కడ ‘హక్కు’ అనే పదాన్ని గమనించండి. ఇంటివారి హక్కు కాజేస్తే అన్యాయమని మనకు తెలుసు. ఆత్మ హక్కును కాజేస్తే మాత్రం దానికి త్యాగమని పేరు పెడుతున్నాము.

మా ప్రాంతపు సంగతులే చూడండి. పశ్చిమ ప్రకాశంలోని అనేక గ్రామాల్లో బోరు నీటిలో ఫ్లోరైడ్ అధికం. లీటరు నీటిలో అది 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగడానికి తగదని ప్రమాణాలు చెబుతున్నాయి. అలాంటి నీటిని ఏళ్ల తరబడి తాగితే పళ్లు గారపడతాయి, కీళ్లు బిగుసుకుంటాయి, వెన్ను వంగదు. కాచినంత మాత్రాన ఫ్లోరైడ్ పోదు. సజ్దాకు వంగలేక కుర్చీ మీద నమాజు చేసే పెద్దలను మసీదుల్లో చూస్తున్నప్పుడు, శరీరం కూడా ఆరాధనా సాధనమేనన్న సత్యం మాకు గుర్తుకు వస్తుంది. శుద్ధి చేసిన నీటిని పిల్లలకు, భర్తకు ఇచ్చి, తనకు మాత్రం బోరు నీళ్లు చాలునని సరిపెట్టుకునే తల్లులు మన ఇళ్లలో ఉన్నారు. మార్కాపురం పలకల పనిలో రాతి ధూళి పీల్చుతూ, ముక్కుకు గుడ్డ కట్టుకోవడం కూడా భయస్తుల లక్షణమనుకునే కార్మికులు ఉన్నారు. చక్కెర వ్యాధి ముదిరి, వైద్యులు వద్దన్నా, నలుగురూ ఏమనుకుంటారోనని రమజాను ఉపవాసాలు పాటించి ఆసుపత్రి పాలైన సోదరీమణులు ఉన్నారు. వ్యాధిగ్రస్తులు తరువాతి దినాల్లో ఉపవాసాలు పూర్తి చేసుకోవచ్చు. కోలుకునే ఆశ లేనివారు రోజుకొక నిరుపేదకు అన్నం పెట్టవచ్చు. ఇది అల్లాహ్ ప్రసాదించిన సౌలభ్యం. ఆయన ఇచ్చిన సౌలభ్యాన్ని తిరస్కరించడం ఆయన మీద ప్రేమ ఎలా అవుతుంది? మనల్ని మనం చంపుకోవద్దని అన్నిసా సూరా 29వ వాక్యంలో ఆదేశించిన ప్రభువు, అదే వాక్యంలో తాను మన పట్ల కరుణామయుడనని తెలియజేశాడు.

శరీరం సంగతి ఇలా ఉంటే, మనసుకు చేసే అన్యాయం ఇంకా సూక్ష్మమైనది. ఈ విషయంలో మా తప్పు ఒకటి ఇక్కడ ఒప్పుకోవలసి ఉంది.

ఇరవై ఏళ్లకు పూర్వం మా వద్ద ఒక బాలుడు చదువుకునేవాడు. పాఠం అతనికి ఆలస్యంగా వచ్చేది. పలక మీద రాసిన అక్షరాన్ని తుడిచి మళ్లీ రాసేవాడు, మళ్లీ తప్పేవాడు. మేము అతణ్ణి అందరి ముందూ ‘నీవు దేనికీ పనికిరావు’ అని పలుమార్లు గద్దించాము. శ్రద్ధ పెరుగుతుందనుకున్నాము. కొంతకాలానికి అతడు చదువు మానివేశాడు. చాలా ఏళ్ల తరువాత అతని తల్లి జనాజాకు వెళ్లినప్పుడు, వరుసలో నిలబడకుండా దూరంగా గోడకు ఆనుకుని ఉన్న అతణ్ణి చూశాము. దగ్గరకు వెళ్లి పిలిచాము. ‘హజ్రత్! నాలాంటివాడు అల్లాహ్ ముందు ఏ ముఖంతో నిలబడాలి?’ అన్నాడు. ఆ మాట అతనిది కాదు. మేము అతని లేత హృదయం మీద రాసిన మాట. పలక మీది అక్షరం తడిగుడ్డతో చెరిగిపోతుంది, ఇది మాత్రం చెరగలేదు. అతని చేయి పట్టుకుని క్షమించమని అడిగి, మా పక్కనే నిలబెట్టుకున్నాము. ఆ నమాజులో మేము అతని తల్లి కోసమే కాక మా కోసం కూడా మన్నింపు వేడుకున్నాము.

తన ఆత్మ నీచమైపోయిందని ఎవరూ అనకూడదని, బాగాలేదని చెప్పవలసి వస్తే తేలికైన పదం వాడాలని దైవప్రవక్త (స) బోధించిన హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉంది. దీన్ని పిల్లలకు చెప్పవలసిన మేమే మరచిపోయాము. మద్యం సేవించి పలుమార్లు శిక్ష పొందిన వ్యక్తిని ఒకరు శపించినప్పుడు, దైవప్రవక్త (స) వారించి, అతడు అల్లాహ్‌నూ ఆయన ప్రవక్తనూ ప్రేమించేవాడేనని చెప్పారు. తప్పును తప్పన్నారు గాని, మనిషిని పనికిరానివాడనలేదు. తమ ఆత్మలకు అన్యాయం చేసుకున్నవారు సైతం తన కారుణ్యం పట్ల నిరాశ చెందరాదని అజ్జుమర్ సూరా 53వ వాక్యంలో అల్లాహ్ పిలుపునిచ్చాడు.

అయితే ఆత్మను ప్రేమించడమంటే అది అడిగిందల్లా ఇవ్వడం కాదు. తానే శ్రేష్ఠుణ్ణన్న అహంకారం ఇబ్లీసును భ్రష్టుణ్ణి చేసింది. అది ఆత్మప్రేమ కాదు, ఆత్మారాధన. అల్లాహ్‌ను మరచినవారు చివరికి తమను తామే మరచేలా ఆయన చేశాడని అల్ హష్ర్ సూరా 19వ వాక్యం హెచ్చరిస్తోంది. అంటే తనను నిజంగా ప్రేమించుకోవాలన్నా అల్లాహ్ స్మరణ తప్ప దారి లేదు.

మార్కాపురానికీ గిద్దలూరుకూ నడుమ ఉన్న కంభం చెరువు మనందరికీ తెలిసినదే. విజయనగర కాలంలో రెండు కొండల సందున కట్ట వేసి గుండ్లకమ్మ నీటిని నిలిపారు. 2020లో దానికి ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడంగా అంతర్జాతీయ గుర్తింపు లభించింది. చెరువులో నీరుంటేనే తూము తెరిచి పొలాలకు ఇవ్వగలరు. ఎండిన చెరువుకు ఎన్ని తూములున్నా ఏం లాభం? కట్ట తెగితే నీరు నిలవదు. పూడిక తీయకపోతే వాన కురిసినా పట్టదు. అదే పూడిక మట్టిని పొలానికి తోలుకుంటే పైరుకు బలమవుతుంది.

ఆత్మ విషయమూ ఇంతే. అష్‌షమ్స్ సూరాలో ఆత్మను పరిశుద్ధపరచుకున్నవాడే సఫలుడని, దాన్ని అణగదొక్కినవాడు విఫలుడని అల్లాహ్ తెలిపాడు. ‘తజ్‌కియా’ అనే మాటలో శుద్ధి ఒక్కటే కాదు, ఎదుగుదల కూడా ఉంది. విఫలుని గురించి వాడిన పదానికి మట్టిలో పూడ్చివేయడమనే అర్థం ఉంది. అజాన్‌లో ఐదు పూటలా మనల్ని పిలిచే ‘ఫలాహ్’ అనే మాటకు మూలం నేల దున్నడం. అరబీలో రైతును ఫల్లాహ్ అంటారు. సాఫల్యమంటే సేద్యమే. పశ్చాత్తాపంతో తీసిన పాపపు పూడిక వినయంగా మారి రేపటి మంచి పనికి ఎరువవుతుంది.

కనుక చీటీ రాసిన ఆ సోదరికి మా సలహా ఇది. ఇషా తరువాత కొద్ది నిమిషాలు మీ ఆత్మతో ముఖాముఖి కూర్చోండి. జరిగిన తప్పుకు మన్నింపు కోరండి. అంతటితో ఆగక, ఆ రోజు అల్లాహ్ మీ చేత చేయించిన ఒక మంచిని తలచుకుని కృతజ్ఞత చెల్లించండి. నిద్రకు, మందుకు, మంచి నీటికి సమయం కేటాయించడాన్ని ఆరాధనగా సంకల్పించండి. కొద్దిదైనా నిలకడగా చేసే ఆచరణే అల్లాహ్‌కు ప్రియమైనది. ఇంటి పురుషులారా! ఆ సమయం ఆమెకు దొరికేలా చూడటం మీ బాధ్యత. ఉపాధ్యాయులారా, తల్లిదండ్రులారా! పిల్లల తప్పును దిద్దండి, వారి ఆత్మను నిందించకండి. తన కోసం కోరుకున్నదే సోదరుని కోసం కోరుకోవాలని మన ధర్మం నేర్పింది. తన మేలు కోరుకోవడమే తెలియనివాడు ఇతరులకు ఏ కొలతతో పంచగలడు?

మన ఆత్మలను మనకు అప్పగించిన ప్రభువు, వాటిని పాడుచేయకుండా పెంచి తనకు తిరిగి అప్పగించే సద్బుద్ధిని మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.