టైడా ఘాట్‌లో గుంతల లెక్క ఎవరు రాస్తున్నారు?

టైడా రైల్వే స్టేషన్‌లో కాసేపు నిలబడితే చాలు, మన ప్రాంతం చరిత్ర కళ్లముందు నుంచే సాగిపోతుంది. 1960లలో కొత్తవలస నుంచి కిరండూల్ దాకా కొండలు తొలిచి రైలుమార్గం వేశారు. ఎవరి కోసం? బైలదిల్లా ఇనుప ఖనిజం విశాఖ రేవుకు చేరి జపాన్‌కు ఓడెక్కడం కోసం. ఆ తర్వాత శృంగవరపుకోట నుంచి అనంతగిరి మీదుగా అరకు పోయే ఘాట్ రోడ్డుకు మెరుగులు దిద్దారు. ఎవరి కోసం? చలికాలం వస్తే కార్లలో దిగే టూరిస్టుల కోసం.

ఖనిజానికి రైలు వచ్చింది. టూరిస్టుకు తారు వచ్చింది. కొండమీది గిరిజనుడికి డోలీ మిగిలింది!

నొప్పులు పడుతున్న ఆడబిడ్డను కర్రకు కట్టిన దుప్పట్లో పడుకోబెట్టి కిలోమీటర్ల కొద్దీ మోసుకొచ్చే దృశ్యం అనంతగిరి మండలంలో కొత్త కాదు. ప్రతి ఏడాదీ పత్రికల్లో ఫొటో వస్తుంది. ప్రతి ఏడాదీ నాయకులు సానుభూతి చూపుతారు. మాకు సానుభూతి వద్దు. లెక్క కావాలి.

లెక్కల విలువ ఉద్యమాల్లో ఉన్నవాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు. తెలంగాణ మిగులు నిధులు ఎంతో తేల్చడానికి 1969లో కుమార్ లలిత్ కమిటీ, ఆ వెంటనే జస్టిస్ భార్గవ కమిటీ వేయక తప్పలేదు. ‘అన్యాయం జరిగింది’ అంటే పాలకులు నవ్వి ఊరుకుంటారు. ‘ఇదిగో, ఇన్ని కోట్లు’ అంటేనే నోరు మూస్తారు. రోడ్ల సంగతీ అంతే.

రోడ్డుకు రోగం వస్తే కొలిచే పద్ధతులు ఎప్పుడో వచ్చాయి. కుదుపును కొలిచే అంతర్జాతీయ సూచికకు 1982లో బ్రెజిల్‌లో ప్రపంచ బ్యాంకు జరిపించిన ప్రయోగాలే పునాది. మన దేశంలో ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన రోడ్లకు 1 నుంచి 5 దాకా మార్కులు వేస్తారు. పగుళ్లు, గుంతలు, అంచుల కోత నమోదు చేసే విధానాలూ ఉన్నాయి. ఆ పథకం రోడ్డు వేసిన కాంట్రాక్టరే 5 ఏళ్లు నిర్వహణ చూడాలి. ఇంజనీరు తనిఖీ చేసి, స్థలం గుర్తులతో ఫొటో ఎక్కించాకే బిల్లు చెల్లించే ఈ-మార్గ్ అనే కంప్యూటర్ వ్యవస్థ కూడా ఉంది.

అంటే సమాచారం ఉంది. లేనిది దాన్ని జనం ముందు పెట్టే బుద్ధి!

ఏటా మరమ్మతు పనుల జాబితా తయారవుతుంది. ఆ జాబితాను రోడ్ల స్థితి పట్టిక పక్కన పెట్టి చూడండి. మూడే ప్రశ్నలు. బాగున్న రోడ్డు జాబితాలోకి ఎలా ఎక్కింది? పాడైన రోడ్డు ఎందుకు ఎక్కలేదు? నిరుడు డబ్బు ఖర్చు పెట్టిన రోడ్డుకు ఈ ఏడాది మార్కులు పెరిగాయా, లేదా? ఈ మూడింటికి జవాబు చెప్పలేని జాబితా ఇంజనీర్లు రాసింది కాదు, సిఫారసు లేఖలు రాసింది.

అయితే ఇంజనీర్ మిత్రులు ఒక మాటంటారు: ‘అన్నిటికన్నా పాడైన రోడ్డుకే డబ్బంతా పోస్తే, బాగున్నవీ పాడవుతాయి. పగులు చిన్నగా ఉన్నప్పుడే పూడ్చడం చవక.’ నిజమే. మేము కాదనం. కానీ ఆ సూత్రం టైడా ఎగువ పల్లెల దాకా ఎందుకు ఎక్కదు? అక్కడ కాలువ పూడిక తీయడానికి నలుగురు కూలీలు చాలినప్పుడు తీయరు. వాన నీరు రోడ్డును కోసుకుపోయాక లక్షల అంచనా వేస్తారు. చవక సూత్రం మైదానానికి, ఖరీదు సూత్రం మన్యానికా?

కొలతల్లోనూ వివక్ష ఉంది, జాగ్రత్తగా చూడండి. గ్రామీణ రోడ్లకు మార్కులు వేసే పద్ధతిలో బండి ఎంత వేగంతో హాయిగా పోతుందో చూస్తారు. గంటకు 40 కిలోమీటర్లు దాటితే పై మార్కు, 10 లోపయితే కింది మార్కు. మలుపు మీద మలుపు తిరిగే ఘాట్‌లో నున్నటి తారు మీద కూడా 40 పోగలమా? అక్కడ వేగం తగ్గేది గుంత వల్లా, వంపు వల్లా? మైదానం కొలబద్ద కొండకు పనికిరాదు.

ఇంకొకటి. కొండ రోడ్డును చంపేది బండి కాదు, నీరు. పక్క కాలువ పూడినా, కల్వర్టు మూసుకుపోయినా, రక్షణ గోడ జరిగినా తారు వారంలో లేచిపోతుంది. తారు పైపై కుదుపును మాత్రమే కొలిచే సర్వేకు ఇవేవీ కనపడవు. ఎండాకాలంలో సర్వే చేస్తే ఘాట్ ఆరోగ్యంగానే ఉంటుంది. వానల తర్వాత రండి, చూపిస్తాం!

మూడోది అన్నిటికన్నా దారుణం. వాహనాల రద్దీ ఎక్కువున్న రోడ్డుకు ముందు వరస ఇస్తారు. రోడ్డు లేక బండి రాదు, బండి రాక మార్కు రాదు, మార్కు రాక రోడ్డు రాదు. ఇక నెట్‌వర్క్ పట్టికలోనే లేని కాలిబాటకు ఏ స్థితి రాస్తారు? రోడ్డే లేనిచోట గుంతను ఎవరు లెక్కపెడతారు? 2023లో వచ్చిన పీఎం జన్‌మన్ పథకంలో కూడా రోడ్డుకు కనీసం 100 మంది జనాభా ఉండాలన్నారు. ఇరవై ఇళ్ల గూడెం మనుషులు ఏ పద్దులోకి వస్తారు?

డబ్బు లేదని మాత్రం చెప్పొద్దు. 2020 సెప్టెంబరులో రోడ్ల పేరు చెప్పి పెట్రోలు, డీజిలు మీద లీటరుకు రూపాయి సెస్సు వేశారు. 2024 నవంబరులో పరవాడ మండలం వెన్నెలపాలెంలో ముఖ్యమంత్రి స్వయంగా గుంతలు పూడ్చే కార్యక్రమం ప్రారంభించారు. 2025 ఏప్రిల్‌లో డుంబ్రిగుడ మండలంలో ‘అడవి తల్లి బాట’ పేరుతో వెయ్యి కోట్ల రూపాయలకు పైగా రోడ్ల పనులకు శ్రీకారం చుట్టారు. మంచిదే, స్వాగతిస్తాం. కానీ శిలాఫలకానికి ఒక తేదీ ఉంటుంది, నిర్వహణకు ఉండదు. ఆ రోడ్లు ఐదేళ్ల తర్వాత ఎలా ఉంటాయో, ఎవరు చూస్తారో ఇప్పుడే రాసివ్వాలి.

మా డిమాండ్లు ఇవి. ఒకటి, అల్లూరి సీతారామరాజు జిల్లాలోని ప్రతి రోడ్డు స్థితిని, పక్కనే మరమ్మతు పనుల జాబితాను తెలుగులో పంచాయతీ గోడ మీద రాయాలి. సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్ చెప్పేది అదే, అడగకముందే చెప్పమని. రెండు, రోడ్లు భవనాలు, పంచాయతీరాజ్, గిరిజన సంక్షేమ శాఖల లెక్కలు ఒక్కచోట ఉండాలి. ‘ఆ రోడ్డు మాది కాదు’ అనే మాట ఇక వినపడకూడదు. మూడు, కొండకు వేరే కొలత. కాలువ, కల్వర్టు, గోడ, వానాకాలంలో అంబులెన్సు పోగలదా లేదా అన్నవి మార్కుల్లో చేరాలి. నాలుగు, 2006 నుంచి ఉపాధి హామీ పనులకు జరుగుతున్న సామాజిక తనిఖీ రోడ్ల నిర్వహణకూ జరగాలి. అదీ పీసా చట్టం కింద గ్రామసభ ముందు.

గ్రామసభా అని పెదవి విరవకండి. 1997 నాటి సమత తీర్పు ఈ అనంతగిరి మండలం గనుల గొడవ నుంచే పుట్టింది. ఇక్కడి జనానికి చట్టంతో పోరాడటం తెలుసు.

విద్యార్థి తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! సెలవులకు ఊరెళ్లినప్పుడు మీ రోడ్డు ఫొటో తీయండి, తేదీ వేయండి, సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. ఉద్యోగ మిత్రులారా! ఈ లెక్క మీ మీద నిందకు కాదు, మీ రక్షణకే. సిఫారసు లేఖ పట్టుకొచ్చిన నాయకుడికి నిజాయితీగల ఇంజనీరు చూపించగలిగే ఒకే ఒక్క కాగితం అది.

రైలుకు లెక్క ఉంది. ఖనిజానికి టన్నుల్లో లెక్క ఉంది. మా దారికీ లెక్క ఉండాలి. చెప్పేదాకా అడుగుతూనే ఉంటాం.