దారిలో అడ్డు ఎవరు పెట్టారు?

బ్యాంకు ఖాతా తెరవాలన్నా, సిమ్ కార్డు తీసుకోవాలన్నా చాలాసార్లు కెమెరా ముందు కళ్లు ఆర్పి చూపించమని అడుగుతుంటారు. చూపు లేనివారు, యాసిడ్ దాడిలో కళ్లు, ముఖం దెబ్బతిన్నవారు ఏం చేయాలి? ఈ ప్రశ్నతోనే బాధితులు సుప్రీంకోర్టుకు వెళ్లారు. డిజిటల్ సేవలు అందుకోవడం 21వ అధికరణ ఇచ్చిన జీవించే హక్కులో భాగమని 2025 ఏప్రిల్ 30న కోర్టు తీర్పు చెప్పి, 20 ఆదేశాలు జారీ చేసింది.

ఈ తీర్పును మనం స్వాగతించాలి. అయితే బ్యాంకులను, ప్రభుత్వాన్ని వేలెత్తి చూపే ముందు మన ఇంటిని కూడా పరీక్షించుకోవాలి.

చూపు లేని విశ్వాసి ఫోన్‌లోని స్క్రీన్ రీడర్ అక్షరాలను చదివి వినిపిస్తుంది. కానీ మన సంఘాలు ప్రతి ఉదయం పంపే వాగ్దానం పూలబొమ్మ మీద అచ్చయి ఉంటుంది. చాలాసార్లు దాన్ని ఆ ఫోన్ ‘చిత్రం’ అని మాత్రమే చెప్పి ఊరుకుంటుంది. యూనికోడ్ కాని పాత డీటీపీ ఫాంట్లలో చేసిన పత్రిక పీడీఎఫ్‌ను తెరిస్తే అర్థం లేని శబ్దాలు వినిపిస్తాయి. క్యాప్షన్లు లేని ప్రసంగం వీడియో వినికిడి లేనివారికి మూగబొమ్మే. క్రైస్తవ పత్రికలుగా మేమూ ఇందుకు మినహాయింపు కాదు.

చూపు లేనివాని దారిలో అడ్డం పెట్టవద్దని లేవీయకాండము 19వ అధ్యాయం ఆజ్ఞాపిస్తోంది. ఆ అడ్డు రాయే కానక్కరలేదు, అందమైన బొమ్మ కూడా కావచ్చు.

కపెర్నహూములో పక్షవాయువు గలవానిని ప్రభువు దగ్గరకు చేరనీయకుండా అడ్డుపడింది శత్రువులు కాదు, వాక్యం వినడానికి వాకిలి నిండా నిలబడిన జనమే. నలుగురు స్నేహితులు ఇంటికప్పు విప్పి అతన్ని దించారు. మనం కప్పు విప్పనక్కరలేదు. వాక్యాన్ని బొమ్మతోపాటు అక్షరాల్లోనూ పంపితే చాలు. వెబ్‌సైట్‌లో పెట్టే ప్రతి చిత్రానికి రెండు మాటల వివరణ రాయాలి. వ్యాసాలు యూనికోడ్‌లో ఉంచాలి. వీడియోలకు క్యాప్షన్లు చేర్చాలి. ఇందులో ఏదీ పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు.

2011 జనగణన ప్రకారం మన దేశంలో దివ్యాంగులు 2.68 కోట్ల మంది. వారి కోసం ప్రార్థిస్తున్నాం, మంచిదే. బర్తిమయిని ప్రభువు, నేను నీకేమి చేయాలని ముందుగా అడిగాడు. ఈ ఆదివారం మన సంఘంలోని చూపు లేని సహోదరుణ్ణి, వినికిడి లేని సహోదరిని మనమూ అలాగే అడుగుదాం. వారు చెప్పినదాన్ని వచ్చే ఆదివారంలోగా సరిచేద్దాం.