ఒకే పుస్తకం, రెండు సందులు

హైదరాబాదు పుత్లిబౌలి దగ్గర జిరాక్స్ షాపులో ఒకాయన చేతిలో కాగితాల కట్ట చూసి ఆగిపోయాను. మార్జిన్ల నిండా ఉన్న ఎర్ర సిరా గుర్తులు నావే. నేను దిద్దిన ప్రూఫు ఆయన దగ్గరికెలా వచ్చిందని అడిగితే ముందు నవ్వాడు. "ఎర్రపెన్నుతోని నా పానం తీసేది మీరేనా మేడం?" అన్నాడు.

ఆ పుస్తకం కంపోజ్ చేసింది ఆయన, ప్రూఫు దిద్దింది నేను. ఆయనుండేది గౌలిగూడ చమన్ పక్క సందు. మా ఇల్లు, 2018 జూలైలో కూలిపోయిన పాత బస్టాండు షెడ్డు వెనకవైపు. నడిచి వెళ్లేంత దూరంలో ఉండి కూడా ఎన్నో ఏళ్లుగా మా కాగితాలు వేరే ఊళ్లో ఉన్న ప్రచురణకర్త మీదుగా తిరిగొస్తున్నాయి.

చాయ్ తాగుతూ కూర్చుంటే రెండు సంగతులు తేలాయి. మొదటిది పనికి సంబంధించింది. అను ఫాంట్లలో ఉన్న పాత ఫైలును యూనికోడ్‌లోకి మారిస్తే కొన్ని ఒత్తులు ఎగిరిపోతాయి. నేను వాటిని టైపింగ్ తప్పులనుకుని పేజీ పేజీకీ సున్నాలు చుడుతున్నాను, ఆయన పేజీ పేజీకీ మళ్లీ కొడుతున్నాడు. ఫలానా అక్షరం ప్రతిచోటా ఇలాగే పోతోందని ఒక్క ఫోన్‌లో చెప్పుకుని ఉంటే మొత్తం ఫైలుకి ఒకేసారి 'రీప్లేస్' కొట్టేవాళ్లం. రెండోది డబ్బు సంగతి. "డీటీపీ పూర్తికాలేదమ్మా, అయ్యాక లెక్క చూద్దాం" అని ప్రచురణకర్త నాకు చెప్పారు. ఆయనకేమో ప్రూఫులు రాలేదని చెప్పారట. అప్పటికి మా ఇద్దరి పనీ అయిపోయి చాలా కాలమైంది.

సృజన పనివాళ్ల ఒంటరితనం గురించి మాట్లాడేవాళ్లు దాన్నొక మనోవేదనగానే చూస్తారు. వేదన ఉంది, కాదనను. రోజంతా ఒక గదిలో ఎవరిదో వాక్యంతో కుస్తీ పడితే సాయంత్రానికి మనిషి గొంతు వినాలనిపిస్తుంది. కానీ ఆ ఒంటరితనం ఇంకొకరికి గిట్టుబాటు కూడా. పేజీకి ఎంతిస్తున్నారో పక్క సందులో మనిషికి తెలియనంత కాలం రేటు పెరగదు, బాకీ తీరదు.

సినిమావాళ్లు ఈ విషయం ఎప్పుడో గ్రహించారు. లైట్‌మ్యాన్ నుంచి డ్యాన్సర్ దాకా అందరికీ యూనియన్ ఉంది, చేతిలో కార్డుంది. '24 క్రాఫ్ట్స్' అన్నమాట తెలియని తెలుగువాడు లేడు. మరి పుస్తకానికి ఎన్ని క్రాఫ్ట్‌లు? అనువాదకులు, ముఖచిత్రం వేసేవాళ్లు, కంపోజ్ చేసేవాళ్లు, ప్రూఫులు దిద్దేవాళ్లు, ఈమధ్య ఆడియో పుస్తకాలు చదివేవాళ్లు. వీళ్లలో ఎవరెక్కడుంటారో రెండోవాళ్లకు తెలియదు.

మా చుట్టుపక్కల చరిత్ర చూస్తే ఇది సిగ్గుపడాల్సిన విషయం. మా పక్కనే సుల్తాన్ బజార్. అది రెసిడెన్సీ బజారుగా ఉన్న రోజుల్లో, 1901 సెప్టెంబరు 1న, రావిచెట్టు రంగారావు గారి ఇంట్లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం మొదలైంది. కొమర్రాజు లక్ష్మణరావు గారిదీ అందులో ఒక చెయ్యి. తెలుగు చదివేవాళ్లకు ఊళ్లో కూర్చునే చోటు లేకపోతే ఒకరి ఇంట్లోనే బల్లలు వేశారు. 1921 నవంబరులో వివేకవర్ధినిలో జరిగిన సభలో ఆలంపల్లి వెంకటరామారావు గారు తెలుగులో మాట్లాడబోతే గోల చేసి కూర్చోబెట్టారు. తెలుగువాళ్లు అవమానం దిగమింగి ఎవరింటికి వాళ్లు పోలేదు. ఆ రాత్రే కొద్దిమంది టేకుమాల రంగారావు గారింట్లో కలిసి ఆంధ్ర జనసంఘం పెట్టుకున్నారు. మాడపాటి హనుమంతరావు గారు, బూర్గుల రామకృష్ణారావు గారు అందులో ఉన్నారు.

ఇక సురవరం ప్రతాపరెడ్డి గారు. తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా 1934లో 'గోలకొండ కవుల సంచిక' తెచ్చారనీ, అందులో 354 మంది కవులున్నారనీ బడిపిల్లలకూ తెలుసు. ఆ సంచికను అందరూ ఆత్మగౌరవ పతాకంగానే చెబుతారు. నాకు మాత్రం అందులో పద్యాల కన్నా, కవి పేరు పక్కన వేసిన ఊరి పేరు ముఖ్యమనిపిస్తుంది. తానొక్కడే రాస్తున్నాననుకునే పల్లెటూరి కవికి పక్క తాలూకాలో ఇంకొకడున్నాడని ఆ సంచికే చెప్పింది. ఫోన్లు అరుదైన రోజుల్లో, ఉత్తరాల మీద, ఆయన పత్రికాఫీసు చేసిన పని అది.

ఇప్పుడు మనకు సభలకు కొదవ లేదు. రవీంద్రభారతిలోనో ఇంకో హాల్లోనో వారం వారం ఆవిష్కరణలే. వేదిక మీద పదిమంది, కింద పదిహేను మంది, శాలువాలు, ఫొటోలు. ఆ పుస్తకాన్ని కంపోజ్ చేసినవాణ్ని పిలిచే ఆలోచన ఎవరికీ రాదు. వాట్సాప్ గ్రూపులున్నాయిగా అంటారు. ఉన్నాయి, వాటి నిండా శుభోదయాలూ పూలగుత్తులే. రేటెంత అని ఎవరైనా అడిగితే గ్రూపంతా మౌనం.

నేనడిగేది చిన్న ఏర్పాటు. భాషా నిలయం గానీ, బొగ్గులకుంటలోని సారస్వత పరిషత్తు గానీ, అఫ్జల్‌గంజ్ కేంద్ర గ్రంథాలయం గానీ వారానికొక సాయంత్రం ఒక గది ఇవ్వాలి. మైకు వద్దు, అధ్యక్షుడు వద్దు. బల్ల మీద ఒక రిజిస్టరు చాలు. పేరు, చేసే పని, తీసుకునే రేటు, రావలసిన బాకీ ఎవరికి వారు అందులో రాసుకోవాలి. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలకు వచ్చేవాళ్లలో ఈ పనివాళ్లూ ఉంటారు, వాళ్లకు చెబితే చాలు, మాట పాకుతుంది.

రేట్లు బయటపెడితే తక్కువకు చేసేవాడు పని ఎగరేసుకుపోతాడని మా కంపోజర్ గారి భయం. అది నిజమే కావచ్చు. కానీ ఆ తక్కువకు చేసేవాడు కూడా ఆ బల్ల దగ్గరే కూర్చుంటే, ఎందుకంత తక్కువకు చేస్తున్నాడో మొహం మీదే అడగొచ్చు. అతనికి అసలు రేటు తెలియకపోవడమే కారణమని నా అనుమానం.

ప్రచురణకర్తలకూ ఒక మనవి. కొందరు లోపలి పేజీలో ముఖచిత్రం, డీటీపీ చేసినవాళ్ల పేర్లు వేస్తున్నారు, సంతోషం. ప్రూఫు దిద్దినవాళ్ల పేరూ వేయండి. ఆ ఒక్క లైనుకు మీకయ్యే అదనపు ఖర్చేమీ లేదు.