ఆయకట్టులో కూర్చుని సబ్సిడీని తిట్టేవాళ్లు

అమెరికా గురించి మన ఇళ్లలో ఒక మాట పాతుకుపోయింది. అక్కడ సర్కారు ఎవరికీ ఏదీ ఊరికే ఇవ్వదట. ఎవడి రెక్కల కష్టం వాడిదట, అందుకే ఆ దేశం అలా ఉందట. ఇక్కడేమో ఉచిత కరెంటు, రుణమాఫీ, రూపాయి బియ్యం ఇచ్చి జనాన్ని సోమరులను చేశారట. టీవీ చర్చల్లో, పెళ్లి భోజనాల దగ్గర ఇదే పాట. సెలవులకు వచ్చిన ఎన్నారై పిల్లల నోట అయితే మరీ గట్టిగా వినిపిస్తుంది. 33 కోట్లకు పైగా జనం, మనకు మూడింతల నేల ఉన్న దేశం ఎలా నడుస్తోందో ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఆ ముక్క అబద్ధమని తేలడానికి దేశమంతా తిరగక్కర్లేదు. మనవాళ్లు ఇళ్లు కొనుక్కుని స్థిరపడిన చాండ్లర్ ఒక్కటి చూస్తే చాలు.

అరిజోనాలో ఫీనిక్స్ పక్కనుంది ఈ ఊరు. 1980లో ముప్పై వేల జనాభా కూడా లేదు, 2020 లెక్కల్లో 2,75,987. అనంతపురంలో కురిసే వానలో సగం కూడా ఇక్కడ పడదు. మరి ఇంతమందికి నీళ్లెక్కడివి? మన వాదం బోల్తా పడేది ఇక్కడే.

అలెగ్జాండర్ జాన్ చాండ్లర్ అనే పశువైద్యుడు 1887లో ఈ ప్రాంతానికి వచ్చాడు. కాలువలు తవ్వించి, దాదాపు 18,000 ఎకరాలు కూడబెట్టాడు. గట్టివాడే, కాదనను. కానీ ఆ కాలువల్లోకి నమ్మకంగా నీళ్లు రావాలంటే పెద్ద ఆనకట్ట కావాలి, దానికి ఆయన డబ్బు సరిపోదు. 1902లో అమెరికా పార్లమెంటు సాగునీటి చట్టం చేసింది. కేంద్రం సొమ్ముతో సాల్ట్ నది మీద రూజ్‌వెల్ట్ డ్యామ్ కట్టారు, 1911లో పూర్తయింది. ఆ నీళ్లు కావాలంటే ఒక్కో యజమానికి 160 ఎకరాలకు మించకూడదన్నారు. దాంతో డాక్టరుగారు తన భూమిని ముక్కలు చేసి అమ్మకానికి పెట్టి, 1912లో ఊరికి ప్లాట్లు వేశాడు. మనవాళ్లు సోషలిజం అని తిట్టుకునే భూపరిమితి లేకపోతే చాండ్లర్ అనే ఊరే అప్పటికి పుట్టేది కాదు.

రైతులు డ్యామ్ ఖర్చు తిరిగి కట్టాలి నిజమే. ఎలా కట్టారో కూడా చెప్పుకోవాలిగా. చట్టంలోనే వడ్డీ లేదు. పదేళ్లలో తీర్చమన్నారు. తీర్చలేమంటే 1914లో ఇరవై ఏళ్లు చేశారు. అదీ కుదరకపోతే 1926లో నలభై దాకా పొడిగించే వీలు కల్పించి, దేశంలో సాగుకు పనికిరాని భూముల మీది బాకీలు కొట్టేశారు. ఇదే పని హైదరాబాదులోనో అమరావతిలోనో చేస్తే రుణమాఫీ అంటాం, పైగా 'పప్పుబెల్లాలు' అంటాం.

అది చాలక 1968లో కొలరాడో నది నీళ్లకు మరో పథకం మంజూరైంది. 336 మైళ్ల కాలువ, దారిపొడవునా పంపులు, మొత్తం మీద దాదాపు 2,900 అడుగులు ఎత్తిపోత, ఖర్చు 400 కోట్ల డాలర్ల పైమాటే. కట్టడం మొదలుపెట్టింది 1973లో, ముగిసింది 1993లో. ఎత్తిపోతల పథకాలంటే వెటకారాలాడే మన పెద్దమనుషులు చాండ్లర్‌లో కొళాయి తిప్పినప్పుడు వచ్చే నీళ్లలో ఆ నీళ్లూ ఉన్నాయి.

ఊరి మధ్యనుంచే కన్సాలిడేటెడ్ కాలువ పోతుంది. గట్టు మీద నడక బాట వేశారు. చలికాలం పొద్దున్నే స్వెట్టరు మీద మఫ్లరు చుట్టుకున్న మన అమ్మానాన్నలు ఆ బాట మీద కనబడతారు. నీళ్లలో నాచు పెరగకుండా గడ్డిచేపలను వదిలారు. వాటిని చూడటానికి మనవలతో కలిసి గట్టు మీద ఆగుతారు. ఆ కాలువను నడిపే సాల్ట్ రివర్ ప్రాజెక్టే ఊళ్లో చాలా ఇళ్లకు కరెంటూ ఇస్తుంది, అదీ ప్రభుత్వరంగ సంస్థే. దాని ఎన్నికల్లో ఎక్కువ స్థానాలకు ఓటు ఎకరాల లెక్కన. పావెకరం ఇల్లున్న మన ఇంజనీరుకు పావు ఓటు! 1981లో సుప్రీంకోర్టు కూడా ఇది సరేనంది. రైతు ప్రాజెక్టుగా మొదలైన దానికి ఆ వాసన ఇంకా పోలేదు.

సరే, చిప్‌లు చేసే ఇంటెల్ సంగతేమిటంటారు. అది తెలివి, అది సాహసం, ఒప్పుకుంటాను. 1980 నుంచీ చాండ్లర్‌లో ఉంది, ఊళ్లో అందరికంటే ఎక్కువమందికి కొలువులిచ్చేది అదే. కానీ 2022లో చిప్‌ల తయారీకి డబ్బిచ్చే చిప్స్ చట్టం వచ్చాక చూడండి. 2024 మార్చిలో అప్పటి అధ్యక్షుడు బైడెన్ స్వయంగా ఇంటెల్ ఆవరణకు వచ్చి 850 కోట్ల డాలర్ల దాకా ఇస్తామన్నారు. నవంబరులో 786 కోట్లకు ఖరారైంది. ఇది సబ్సిడీ కాదా? ఎకరాకు పది వేలు అడిగిన రైతు మాత్రం సోమరా?

ఇంకో పక్క కూడా చూడాలి, లేకపోతే నేను సర్కారు భజన చేసినట్టవుతుంది. ఇచ్చిన చెయ్యే, ఒకరి దగ్గర నీళ్లు ఇంకొకరు లాక్కుంటుంటే చూస్తూ ఊరుకుంది. చాండ్లర్‌కు ఆనుకుని గీలా రివర్ ఇండియన్ కమ్యూనిటీ ఉంది, 1859లో ఏర్పడిన రిజర్వేషన్. అక్కడి అకిమెల్ ఓఆధమ్ జనం కాలువలు తవ్వి గోధుమలు పండించి బాటసారులకు, సైన్యానికి అమ్మినవాళ్లు. ఎగువన వలసదారులు నది మళ్లించుకునేసరికి 19వ శతాబ్దం చివరికల్లా పొలాలు ఎండి ఆకలిచావుల పాలయ్యారు. కృష్ణా దిగువ రైతుకు ఈ కథ విడమరచి చెప్పక్కర్లేదు. వాళ్ల నీళ్ల వాటా చట్టబద్ధంగా తేలింది 2004లో, ఏడాదికి 6,53,500 ఎకరా-అడుగులు. రెక్కల కష్టానికే ఫలితం దక్కే దేశమైతే వాళ్లు ఆ ప్రాంతంలో అందరికంటే ధనవంతులై ఉండాలి.

రెక్కల కష్టం కథ ఇంకొకటుంది. 1997 జూలై చివర్లో చాండ్లర్‌లోనే పోలీసులూ సరిహద్దు గస్తీ దళమూ కలిసి ఐదు రోజులు గాలించి, కాగితాల్లేవని నాలుగు వందల మందికి పైగా పట్టుకున్నారు. చర్మం రంగు చూసి ఆపినవాళ్లలో అమెరికా పౌరులూ ఉన్నారు. పట్టుబడినవాళ్లలో ఎక్కువమంది కూలిపనుల మీద బతికే మెక్సికన్లు. కష్టపడటంలో వాళ్లను మించిన వాళ్లెవరో చెప్పండి.

మనవాళ్ల దగ్గరికే వద్దాం. చాండ్లర్‌లో ఉన్నవాళ్లలో డెల్టా నుంచి వెళ్లినవాళ్ల ముత్తాతలు ధవళేశ్వరం, బెజవాడ ఆనకట్టల నీళ్లతో నిలదొక్కుకున్నవాళ్లు. ఇంజనీరింగు సీట్లలో కొన్ని ఫీజు రీయింబర్స్‌మెంటు మీద వచ్చినవి. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. అక్కడికి వెళ్లాక ఆ నిచ్చెనను తిట్టడమే నాకు మింగుడుపడదు.

2021 జనవరిలో విశాఖ ఉక్కును అమ్మేయాలని కేంద్రం నిర్ణయించినప్పుడు, వ్యాపారం చేయడం ప్రభుత్వం పనేనా అని మెచ్చుకున్న ఎన్నారైలకు కొదవ లేదు. 2025 ఆగస్టులో అమెరికా ప్రభుత్వం ఇంటెల్‌లో దాదాపు పది శాతం వాటా తీసుకుంది, అదీ ట్రంప్ హయాంలో. ఇప్పుడు చాండ్లర్‌లో ఇంటెల్ జీతంతో ఇంటి వాయిదాలు కడుతున్న మనవాడికి అమెరికా సర్కారు కూడా యజమానే. ఆ వాటా అమ్మేయమని అతను వాషింగ్టన్‌కు ఎప్పుడు అర్జీ పెడతాడో చూడాలి.