సూత్రం వచ్చు.. లెక్కే రాదు!

'సూత్రాలన్నీ నోటికి వచ్చు, లెక్క మాత్రం రావట్లేదు'... ఇంటర్‌ చదివే పిల్లలున్న ఇంట్లో ఈ మాట వినపడని వారం ఉండదు. అమ్మేమో ఇంకో గైడు కొందామంటుంది. నాన్నేమో ట్యూషను మాట్లాడతానంటాడు. ఇంజినీరింగు ప్రవేశ పరీక్షలో 160 ప్రశ్నలుంటే అందులో ఫిజిక్స్‌వి 40. సమయం మూడు గంటలే. ఒక్కో ప్రశ్నకు నిమిషం మీద కాసిని సెకన్లు. కంగారు పడక ఏం చేస్తారు పాపం!

ఓసారి గైడు పక్కన పెట్టి, జగ్గయ్యపేటలో నందిగామ బస్సెక్కండి. జిల్లా పేరు 2022లో కృష్ణా నుంచి ఎన్టీఆర్‌గా మారిందేమో కానీ, ఈ మెట్ట దారిలో న్యూటన్‌ సూత్రాలు మారలేదు. పుస్తకంలోని సగం లెక్కలు హైవే మీదే కనిపిస్తాయి.

మొదటిది బ్రేకు లెక్క. బైకు వేగం గంటకు 36 కిలోమీటర్లు. అంటే సెకనుకు 10 మీటర్లు. బ్రేకు వేస్తే వేగం ప్రతి సెకనుకూ 5 మీటర్ల చొప్పున తగ్గుతుందనుకుందాం. వేగాన్ని వర్గం చేసి, 5కి రెట్టింపైన 10తో భాగిస్తే ఆగే దూరం వస్తుంది... 10 మీటర్లు. ఇప్పుడు వేగం 72 చేయండి. ఆగే దూరం 20 అంటారు చాలామంది పిల్లలు. కాదు, 40! వేగం రెట్టింపైతే గతిజశక్తి నాలుగింతలవుతుంది మరి. గేదె అడ్డొచ్చిందని గ్రహించి బ్రేకు తొక్కేసరికి ఒక సెకను పడితే, ఆ లోపు బండి ఇంకో 20 మీటర్లు పోతుంది. మొత్తం 60. ఈ లెక్క తప్పితే పోయేది ఒక్క మార్కే. రోడ్డు మీద తప్పితే..?

రెండోది సిమెంటు బస్తా. ఈ చుట్టుపక్కల ఫ్యాక్టరీలకు కొదవ లేదు కదా! 50 కిలోల బస్తా బరువు సుమారు 500 న్యూటన్లు. దాన్ని 1.2 మీటర్ల ఎత్తున్న లారీలోకి ఎక్కిస్తే 600 జౌళ్ల పని. అదే బస్తాను నెత్తిన పెట్టుకుని గంటసేపు కదలకుండా నిలబడితే? సున్నా! ఈ మాట హమాలీతో అంటే కొట్టడానికొస్తాడు. కండరాలు అలసిపోయేది నిజమే. కానీ బస్తా కదల్లేదు కాబట్టి దానిమీద జరిగిన పని లేదు. 'దేనిమీద పని' అని అడగడం నేర్చుకుంటే సగం తికమక పోతుంది.

మూడోది ద్రవ్యవేగం. పది టన్నుల లారీ, మనిషితో కలిపి 200 కిలోల బైకు ఢీకొన్నాయి. ఎవరిమీద బలం ఎక్కువ? ఇద్దరిమీదా సమానమే! అయితే బైకు ద్రవ్యరాశి యాభయ్యో వంతు కాబట్టి, దాని వేగంలో మార్పు యాభై రెట్లు. దెబ్బంతా అక్కడే ఉంది.

చివరిది కరెంటు. 60, 100 వాట్ల ఫిలమెంటు బల్బుల్ని ఒకదాని తర్వాత ఒకటిగా శ్రేణిలో కలిపితే ఏది ఎక్కువ వెలుగుతుంది? 60 వాట్లది! దాని నిరోధం ఎక్కువ, రెండింట్లోనూ పారే కరెంటు ఒక్కటే. ఇంట్లో మాత్రం వైరింగు సమాంతరం కాబట్టి వందే గెలుస్తుంది.

చూశారా, ఎక్కడా పెద్ద సూత్రం లేదు. ముందు బొమ్మ గీయాలి. ఏ వస్తువు గురించి అడిగారో దాని చుట్టూ గీత గీయాలి. దానిమీద పనిచేసే బలాలను బాణాలతో చూపాలి. కిలోమీటర్లను మీటర్లు చేయాలి. ఆ తర్వాతే సూత్రం. జవాబు వచ్చాక 'ఇది నమ్మేలా ఉందా' అని ఒక్కసారి చూసుకోవాలి. బైకు ఆగడానికి నాలుగు కిలోమీటర్లు పట్టిందంటే, బ్రేకుది కాదు తప్పు.. సున్నాది!

ఈసారి పిల్లలు బండి తాళం అడిగితే వెంటనే ఇవ్వకండి. మొదటి లెక్క చేయమనండి. 60 అని చెబితే, హెల్మెట్‌ కూడా చేతికిచ్చి పంపండి.