కిటికీ లేని గది

బెర్లిన్‌లో హాకెషర్ మార్క్ట్ స్టేషన్ దిగితే ఎప్పుడు చూసినా తిరునాళ్ల సందడే. అక్కడికి దగ్గర్లోనే రోజెన్‌థాలర్ వీధిలో 39వ నంబరు ఇల్లు. చుట్టుపక్కల భవనాలు కొత్త రంగులతో మెరుస్తుంటే, దీని గోడలు మాత్రం పెచ్చులూడి ఉంటాయి. సందులోంచి లోపలికి వెళ్లి మెట్లెక్కితే, రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఓటో వైట్ అనే జర్మన్ నడిపిన బ్రష్షుల కార్ఖానా. ఇప్పుడది చిన్న మ్యూజియం. టికెట్టు లేదు. పావుగంటలో చుట్టి రావచ్చు. నాకు మధ్యాహ్నమంతా అక్కడే గడిచిపోయింది.

చూపు మందగించాక వైట్ బ్రష్షులు, చీపుళ్లు కట్టే పనిలోకి దిగాడు. ఆయన దగ్గర పనిచేసిన యూదుల్లో చాలామందికి చూపు లేదు, కొందరికి వినికిడి లేదు. చెక్కకు వరసగా చిల్లులుంటాయి. వెంట్రుకల కుచ్చును ఎంత కావాలో అంతే తీసి, తీగతో చిల్లులోకి లాగి బిగించాలి. వేళ్లకు తెలిస్తే చాలు, కళ్లతో పనిలేదు. నాజీలు వాళ్లను శిబిరాలకు తరలించకుండా, సైన్యానికి బ్రష్షులు పంపుతున్నామనీ, ఈ మనుషులు లేకపోతే పని ఆగిపోతుందనీ వైట్ అధికారులతో వాదించేవాడు. వాదన చాలనిచోట లంచాలు. ఒకసారి నాజీల రహస్య పోలీసులు గెస్టపో పట్టుకుపోయిన తన పనివాళ్లను దగ్గర్లోని నిర్బంధ కేంద్రం దాకా వెళ్లి విడిపించి తెచ్చుకున్నాడు.

చివరి గదికి కిటికీ లేదు. అప్పట్లో దాని తలుపుకు అడ్డంగా ఒక బట్టల బీరువా ఉండేది. 1943లో హోర్న్ అనే యూదు దంపతులు, వాళ్ల ఇద్దరు పిల్లలు నెలల తరబడి ఇక్కడే దాక్కున్నారు. గడప దగ్గర నిలబడి చూశాను. నలుగురు పక్కలు పరుచుకుంటే నడవడానికి చోటు మిగలదు. పగలేదో రాత్రేదో చెప్పే వెలుగు కూడా లేదు. ఆ అక్టోబరులో ఎవరో పట్టిచ్చారు. నలుగురినీ ఆష్విట్జ్ మృత్యు శిబిరానికి పంపారు.

ఈ ఓటమిని మ్యూజియం దాచిపెట్టలేదు. నాకు దానిమీద గౌరవం కలిగింది అందుకే. వైట్ చాలామందిని కాపాడలేకపోయాడు. అయినా ఆగలేదు. టెరెజియెన్‌ష్టాట్ శిబిరంలో ఉన్నవాళ్లకు 150కి పైగా తిండి పార్శిళ్లు పంపాడు. 1944లో అక్కడి నుంచి ఆష్విట్జ్‌కు తరలిస్తుండగా ఆలిస్ లిష్ట్ అనే అమ్మాయి రైల్లోంచి వైట్‌కు రాసిన ఒక పోస్టుకార్డు విసిరింది. పట్టాల పక్కన పడ్డ ఆ కార్డును ఎవరు తీసి పంపారోగానీ, అది వైట్‌కు చేరింది. చూపు సరిగా లేని ఆ అరవయ్యేళ్ల మనిషి ఆష్విట్జ్‌కు బయల్దేరాడు. ఆమెను వేరే శిబిరానికి మార్చారని తెలిసి ఆ ఊరికీ వెళ్లాడు. ఒక గది అద్దెకు తీసుకుని, ఆమె తప్పించుకుంటే పనికొస్తాయని బట్టలు, డబ్బు అక్కడ ఉంచాడు. 1945 జనవరిలో ఆలిస్ తప్పించుకుని బెర్లిన్ చేరింది.

ఆ పార్శిళ్లలోకి తిండి ఎక్కడిది? రేషన్ల కాలంలో అది దొరికేది నల్లబజారులోనే. అక్కడ సరుకు సంపాదించి పెట్టినవాళ్లలో హెడ్విగ్ పోర్షుట్స్ ఒకరు. ఆవిడ తన చిన్న ఇంట్లో యూదు స్త్రీలను కూడా దాచింది. యుద్ధమయ్యాక, 1950ల చివర్లో, ఇలా సాయపడినవాళ్లకు బెర్లిన్ ప్రభుత్వం గుర్తింపు ఇస్తుంటే ఆమె కూడా దరఖాస్తు చేసుకుంది. తిరస్కరించారు. ఒళ్లమ్ముకున్న మనిషి అన్నది వాళ్లు చూపిన కారణం.

ఆ సంగతి తెలిసినప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు. ప్రాణం మీదకు వచ్చినప్పుడు తలుపు తీసిన మనిషిని, శాంతి వచ్చాక నడవడిక పత్రం అడిగారు. మన కథల్లో కూడా మంచి పని చేసేవాడు మచ్చలేనివాడై ఉండాలని పట్టుబడతాం. లంచమిచ్చినవాడు, అబద్ధాలాడినవాడు, నల్లబజారులో మాంసం కొన్న స్త్రీ... ఈ కార్ఖానా నిలబడింది వీళ్ల మీదే. మచ్చలేని పెద్దమనుషులు ఆ వీధిలోనూ ఉండే ఉంటారు. వాళ్ల తలుపులు మూసే ఉన్నాయి.

ఈ గదుల తాళం మళ్లీ తీయించినవాళ్లలో ముఖ్యురాలు ఇంగె డోయిచ్‌క్రోన్. వైట్ దగ్గర పనిచేసి బతికి బయటపడి, తర్వాత పాత్రికేయురాలైంది. 1990ల చివర్లో విద్యార్థులతో కలిసి ఇక్కడ ప్రదర్శన పెట్టించింది. ఆమె 2022లో, 99 ఏళ్ల వయసులో పోయింది.

యూదులను కాపాడిన ఇతరులకు ఇజ్రాయెల్‌లోని యాద్ వాషెమ్ సంస్థ ఇచ్చే గౌరవం ఓటో వైట్‌కు 1971లో దక్కింది. అప్పటికి ఆయన పోయి ఇరవై నాలుగేళ్లు. హెడ్విగ్ పోర్షుట్స్‌కు అదే గౌరవం 2012లో దక్కింది. ఆవిడ 1977లోనే పోయింది.